మావాడు రొమ్ము పట్టడం నేర్చుకున్న మూడు వారాలు

మావాడు పుట్టిన తొమ్మిదో రోజుదాకా ఎవరూ వాడి నాలిక కింద చూడలేదు. ఆ తొమ్మిది రోజులూ అందరి చూపూ నా రొమ్ముల మీదే. పాలు పడలేదన్నారు, పడినా చాలట్లేదన్నారు, చనుమొనలు చిన్నవన్నారు, ఆపరేషన్ అయినవాళ్లకి ఇంతేనన్నారు. నేనూ నమ్మాను. రాత్రి మూడింటికి ఏడ్చే బిడ్డను ఒళ్లో పెట్టుకుని, కన్నబిడ్డ కడుపు నింపలేకపోతున్నానని నన్ను నేనే తిట్టుకున్నాను. ఇప్పుడు అలా కూర్చుని ఉన్న తల్లి ఎవరైనా ఉంటే ఆమె కోసం ఇది రాస్తున్నాను.

మా పుట్టిల్లు తెనాలి పక్కన పల్లెటూరు. ఏప్రిల్ నెలాఖరులో, 39వ వారంలో, ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. బరువు 3 కిలోల 50 గ్రాములు. వెన్నుకిచ్చిన మత్తు కాబట్టి నాకు పూర్తిగా తెలివుంది. వాడి ఏడుపు విన్నాను, ముఖం చూశాను. కానీ నా పక్కలోకి తెచ్చింది నాలుగు గంటల తర్వాత. ఈలోపే సీసాతో డబ్బా పాలు పట్టేశారు. ఆపరేషన్ అయినా సరే, తల్లీ బిడ్డా బాగుంటే మొదటి గంటలోనే రొమ్ముకు చేర్చవచ్చని నాకు అప్పుడు తెలియదు. తెలిసుంటే అడిగేదాన్ని. ఆ నాలుగు గంటలు తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

రెండో రోజు ముర్రుపాలు చుక్కలు చుక్కలుగా వచ్చాయి. నాలుగో రోజుకి రొమ్ములు రాళ్లలా బిగుసుకున్నాయి. అంటే పాలు పడ్డాయన్నమాట. అయినా వాడికి అందట్లేదు.

రొమ్ము అందించగానే ఆత్రంగా నోట పట్టేవాడు, రెండు గుటకలు పడేలోపే జారిపోయేవాడు. మళ్లీ పట్టేవాడు, మళ్లీ జారేవాడు. చీకుతున్నంతసేపూ టక్కు టక్కుమని చప్పుడు, చింతకాయ నాకి లొట్టలేసినట్టు. పెదవి మూల నుంచి పాలు కారి నా జాకెట్టు తడిసిపోయేది. ముప్పావు గంట అలా పెనుగులాడి అలసిపోయి నిద్రపోయేవాడు. పక్క మీద వేసిన పది నిమిషాలకే లేచి ఏడుపు. నాకైతే వాడు పట్టిన ప్రతిసారీ కాలివేళ్లు ముడుచుకుపోయేవి. వదిలాక చూసుకుంటే చనుమొన గుండ్రంగా ఉండేది కాదు. రెల్లు కలానికి పాళీ చెక్కినట్టు ఒక పక్కకి నొక్కుకుపోయి, కొస తెల్లగా పాలిపోయి ఉండేది. ఐదో రోజుకి పగిలి నెత్తురొచ్చింది. వాడు కక్కిన పాలలో ఎర్రటి చార చూసి అమ్మ హడలిపోయింది. అది వాడి నెత్తురు కాదు, నాదే.

ఇంటికొచ్చాక అమ్మ తనకు చేతనైనదంతా చేసింది. వెల్లుల్లి కారం, మునగాకు పప్పు, బీరకాయ కూర, మెంతులు. బాపట్ల నుంచి ఎవరిచేతో పాలసొర తెప్పించి పుట్టు చేసింది. ఇష్టంగా తిన్నాను, బాలింతకు తిండి కావాలి కదా. కానీ రొమ్ము ఖాళీ అవుతుంటేనే కొత్త పాలు ఊరుతాయి. ఖాళీ చేయాల్సినవాడికి చేతకావట్లేదని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. మా అత్తయ్య ఫోన్ చేసి, "పోనీ డబ్బా పాలే పట్టమ్మా, బిడ్డ బతకాలి కదా" అన్నారు. ఆవిడ మంచి మనసుతోనే అన్నారు. నాకు మాత్రం గుండెలో గుచ్చుకుంది.

ఏడో రోజు ఆశా కార్యకర్త వచ్చింది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వాళ్లు వచ్చి చూడాలి. మూడో రోజున మేమింకా ఆసుపత్రిలోనే ఉన్నాం కాబట్టి మాకదే మొదటిది. ఆవిడ వేలాడే త్రాసు తీసి, జోలెలో వాడిని పెట్టి ఎత్తింది. ముల్లు 2 కిలోల 700 దాటి కాస్త పైన ఆగిపోయింది. "ఒంటేలుకి ఎన్నిసార్లు పోతున్నాడమ్మాయ్?" అని అడిగింది. నాలుగన్నాను. "ఈపాటికి ఆరుకి తగ్గకూడదే" అంది. తర్వాత, "ఏదీ, నా ముందు ఓసారి పాలియ్యి" అని పక్కనే చతికిలబడింది. పావుగంట కళ్లార్పకుండా చూసింది. "నీకు పాలున్నయ్యి తల్లీ. వాడికే పట్టు రావట్లా. పిల్లల డాక్టరుకి చూపించు. నోట్లో చూడమను."

నీకు పాలున్నాయి అని ఏడు రోజుల్లో నాతో అన్న మొదటి మనిషి ఆవిడే. ఆవిడ వెళ్లాక తనివితీరా ఏడ్చాను.

మా ఆయన హైదరాబాద్ నుంచి వచ్చి గుంటూరు తీసుకెళ్లేసరికి తొమ్మిదో రోజైంది. డాక్టరు గారి త్రాసు మీద 2 కిలోల 720. పుట్టిన బరువులో పదో వంతు పైనే పోయింది. మొదటి రోజుల్లో పిల్లలు కొంత తగ్గడం మామూలేనని, పదో వంతుదాకా వచ్చిందంటే ఊరుకోకూడదని, రెండు వారాలకల్లా పుట్టిన బరువుకి తిరిగి రావాలని చెప్పారు. వాడు గుక్కపెట్టి ఏడుస్తుంటే నన్ను వంగి చూడమన్నారు. నాలిక అంచులు రెండు పక్కలా లేస్తున్నాయి, నడిమి భాగం మాత్రం కిందికి లాగి ఉంది. కొస తమలపాకు తొడిమ వైపులా లోపలికి నొక్కుపడి ఉంది. చేతులు కడిగించి నా వేలు కూడా నాలిక కిందికి పోనిచ్చారు. సన్నటి పొర, గాలిపటం దారంలా బిగుతుగా తగిలింది.

దాన్ని టంగ్ టై అంటారు. ఆ పొర అందరికీ ఉంటుంది, కొందరికి పొట్టిగా, కొసకి దగ్గరగా ఉంటుంది. బిడ్డ పాలు తాగాలంటే నాలిక కింది చిగుళ్లు దాటి ముందుకొచ్చి, రొమ్మును కింద నుంచి దొన్నెలా పట్టుకోవాలి. అప్పుడు నాలిక వెనక భాగం కిందికి దిగితే ఆ లాగుడికి పాలు వస్తాయి. మావాడి నాలిక చిగుళ్లే దాటట్లేదు. పట్టు సడలినప్పుడల్లా గాలి జొరబడి టక్కుమంటోంది. జారిపోకుండా ఉండటానికి వాడు చిగుళ్లతో నొక్కి పట్టుకుంటున్నాడు. నా చనుమొనల మీద పాళీ చెక్కింది ఆ నొక్కుడే.

వెంటనే కోసేస్తారనుకున్నాను. డాక్టరు గారు ఒప్పుకోలేదు. పొర ఉన్నా చక్కగా తాగే పిల్లలు ఎంతోమంది ఉంటారట, వాళ్లను ముట్టుకోనక్కర్లేదట. "ముందు కడుపు నింపుదాం, పట్టు సరిచేద్దాం. మూడు రోజులు చూసి అప్పుడు ఆలోచిద్దాం" అని, పాలివ్వడం నేర్పే సిస్టర్ దగ్గరికి పంపారు.

ఆ సిస్టర్ నా పాలు పిండించి, ఒక చిన్న ముక్కు గిన్నెలో పోసి పట్టారు. ఆసుపత్రుల్లో దాన్ని పలడై అంటారట. అమ్మ చూసి, "ఇది మన ఉగ్గుగిన్నే కదమ్మా!" అంది. ఇంటికొచ్చి బీరువాలోంచి మా అమ్మమ్మనాటి వెండి ఉగ్గుగిన్నె తీసింది. నాకూ మా తమ్ముడికీ పట్టిన గిన్నె. రోజూ నీళ్లలో పది నిమిషాలు మరగబెట్టి వాడాం. సీసా వద్దన్నారు సిస్టర్, అందులో పాలు వాటంతటవే కారుతుంటే వాడు రొమ్ము దగ్గర కష్టపడడని. ఉగ్గుగిన్నె అయితే బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, ముక్కును పెదవి మూల ఆనించి, వాడు మింగేదాకా ఆగి ఆగి పోయాలి. గొంతులో ఒంపకూడదు.

పదో రోజు రాత్రి నాకు చలి పుట్టి జ్వరం 102 దాకా పోయింది. ఎడమ రొమ్ము ఒక పక్క ఎర్రగా కంది గడ్డకట్టింది. సరిగ్గా ఖాళీ కాక వాచిపోయింది. మాత్రలు వేసుకుని, చల్లటి గుడ్డ వేసుకుని, ఆ రొమ్ము మానకుండా పాలిస్తూ ఉంటే రెండు రోజులకి తగ్గింది. జ్వరమొస్తే పాలు విషమవుతాయని వీధిలో వాళ్లు భయపెట్టారు, అదేం లేదని డాక్టరు గారు ఫోన్లోనే ధైర్యం చెప్పారు.

మూడు రోజుల్లో ఉగ్గుగిన్నె పుణ్యాన బరువు 2 కిలోల 780 అయింది. రొమ్ము దగ్గర మాత్రం అదే జారుడు, అదే నొప్పి. అందుకని పన్నెండో రోజున పొర విడిపించడానికి ఒప్పుకున్నాం. ఒప్పుకునే ముందు రాత్రి పాలు పిండుతూ ఫోన్లో చదివాను. ఒకే ప్రశ్న మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసే కాక్రేన్ సమీక్ష ఒకటి 2017లో వచ్చింది. అందులో 5 అధ్యయనాలు, 302 మంది పిల్లలు. పొర కోశాక తల్లి నొప్పి కొన్నాళ్లపాటు తగ్గుతుందని తేలింది, బిడ్డ తాగడం మాత్రం ప్రతిచోటా మెరుగుపడుతుందని గట్టిగా తేలలేదు. ఆ వాక్యం నాలుగుసార్లు చదువుకున్నాను. దాని అర్థం తర్వాత వారంలో తెలిసొచ్చింది.

పిల్లల సర్జన్ ముందు రెండు ప్రశ్నలడిగారు. పుట్టినప్పుడు నెత్తురు గడ్డకట్టడానికి వేసే విటమిన్ కె సూది వేశారా, ఇంట్లో ఎవరికైనా నెత్తురు గడ్డకట్టని జబ్బుందా అని. వాడిని పాత చీర గుడ్డలో బిగించి చుట్టారు. నర్సు తల పట్టుకుంది. నాలిక పైకెత్తి, చిన్న కత్తెరతో ఒక్కసారి. నేను బయట తలుపు దగ్గర ఉన్నాను. ఏడుపు వినిపించింది, నూరు లెక్కపెట్టేలోపే నా చేతిలో పెట్టారు. దూదిగుడ్డ మీద మూడు నాలుగు నెత్తుటి చుక్కలు, అంతే. కుట్లు లేవు. వెంటనే రొమ్ము పట్టించమన్నారు. పట్టాడు. నొప్పి సగానికి తగ్గింది! ఏడ్చేశాను. అంతా అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు. మర్నాటికి వాడు రొమ్ము దగ్గరికి తెస్తేనే ముఖం తిప్పేసుకున్నాడు. నోరు నొప్పిగా ఉందేమో, నాలిక ఏం చేస్తోందో వాడికే అర్థం కానట్టుంది. పట్టినా చీకడం మునుపటిలాగే, నాలిక వెనక్కి లాక్కుని చిగుళ్లతో నొక్కడమే. కడుపులో ఉన్నప్పటినుంచీ కట్టేసి ఉన్న నాలిక అది. తాడు విప్పినంత మాత్రాన నడక వస్తుందా? రెండో రోజు నాలిక కింద సున్నం రాసినట్టు తెల్లగా, కాస్త పసుపుగా మచ్చ కనిపించింది. చీము పట్టిందని వణికిపోయాను. ఫొటో పంపితే, నోటిలో గాయం మానేటప్పుడు పైన అలాగే పొర కడుతుందని, వారం పది రోజుల్లో పోతుందని సర్జన్ చెప్పారు. అలాగే పోయింది.

సలహాలకు కొదవలేదు. నాలిక కోస్తే మాట పోతుందని అమ్మమ్మ దిగులు. ఎదురింటి పెద్దావిడ గాయానికి తేనె రాయమంది. ఏడాది నిండేదాకా తేనె నాకించడమే ప్రమాదమని డాక్టరు గారు ముందే హెచ్చరించారు కాబట్టి అమ్మ గట్టిగా వద్దంది. ఫోన్లో వీడియోలు చూసి మా ఆయన, రోజుకి ఆరుసార్లు గాయాన్ని వేలితో సాగదీయాలట అన్నారు. సర్జన్‌ని అడిగాం. గాయాన్ని రేపితే మేలు జరుగుతుందనడానికి సరైన ఆధారం లేదని, పైగా నోటి దగ్గరికి ఏది తెచ్చినా బిడ్డ భయపడతాడని, వాడు పాలు తాగడమే నాలికకు కసరత్తని చెప్పారు. ఆ మాటతో నా ప్రాణం కుదుటపడింది. వాడి గాయంలో వేలు పెట్టడం నావల్ల అయ్యేది కాదు.

మరి ఏం చేశామంటే, మళ్లీ సిస్టర్ దగ్గరికే వెళ్లాం. ఆవిడ చెప్పింది మూడు వారాలు పట్టుగా చేశాం.

పగలంతా వాడిని చొక్కా లేకుండా డైపరుతో నా గుండెల మీద పడుకోబెట్టుకునేదాన్ని. పాలివ్వడానికి కాదు, ఊరికే. రొమ్మంటే పోట్లాట కాదని వాడికి తెలియాలి. నిద్రలోంచి లేస్తూ తనంతట తానే తల ఊపుతూ వెతుక్కునేవాడు. అలా వెతికినప్పుడు పట్టిన పట్టు, ఏడుస్తున్నప్పుడు మేం పట్టించిన పట్టుకంటే ఎప్పుడూ బాగుండేది. అందుకే ఏడుపుదాకా రానివ్వకుండా, పెదాలు చప్పరిస్తున్నప్పుడు, పిడికిలి నోట్లో పెట్టుకుంటున్నప్పుడే అందించాలి.

పాలిచ్చే ముందు ఒక నిమిషం, గోరు తీసి కడిగిన చిటికెనవేలు, మెత్తటి వైపు పైకి ఉండేలా నోట్లో పెట్టి అంగిలికి ఆనించేదాన్ని. మొదట్లో చిగుళ్లతో కొరికేవాడు. వేలిని నాలిక మీద కొద్దిగా నొక్కి ఆగితే, నెమ్మదిగా నాలిక ముందుకొచ్చి వేలిని చుట్టుకునేది. చుట్టుకున్న క్షణంలో వేలు తీసి రొమ్ము అందించాలి.

నా ఆపరేషన్ కుట్ల మీద బరువు పడకుండా వాడిని చంక కింద, కాళ్లు నా వెనక్కి వచ్చేలా పట్టుకునేదాన్ని. లేదంటే దిళ్లకు వెనక్కి ఆనుకుని పైన బోర్లా పడుకోబెట్టుకునేదాన్ని, అలా ఉంటే నాలిక దానంతటదే ముందుకు జారుతుంది. వాడి ముక్కు నా చనుమొనకు ఎదురుగా ఉండాలి, నోరు కాదు. పై పెదవికి చనుమొన తగిలించి ఆగాలి. ఆవలించినంత పెద్దగా నోరు తెరిచినప్పుడు, వీపు మీద చెయ్యేసి గబుక్కున దగ్గరికి తీసుకోవాలి. ముందు గడ్డం ఆనాలి. చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం పైన కాస్త కనిపించాలి, కింద భాగం వాడి నోట్లోకి పోవాలి. మనం వంగకూడదు, బిడ్డే రావాలి. తల వెనక నుంచి నొక్కితే వెనక్కి తోసుకుంటాడు. నొప్పి పుడితే భరించకుండా, చిటికెనవేలు పెదవి మూల దూర్చి పట్టు విడిపించి మళ్లీ మొదలుపెట్టాలి. మొదటి రోజుల్లో ఒక్కో పూట ఐదారుసార్లు విడిపించాను.

చీకడం ఆగిపోయి నిద్రలోకి జారుతుంటే రొమ్మును కింద నుంచి మెల్లగా నొక్కి పట్టేదాన్ని. పాలు ధారగా రాగానే మళ్లీ గుటకేసేవాడు. ఇరవై నిమిషాలు అలా, తర్వాత ఉగ్గుగిన్నెతో పిండిన పాలు, ఆ తర్వాత నేను పావుగంట పంపు పెట్టుకోవడం. రోజుకి ఎనిమిది తొమ్మిది పూటలు. ఒక్కో పూట ఇదంతా కలిపి గంటకు మించకూడదని సిస్టర్ షరతు, లేకపోతే తల్లి పడిపోతుందని. వాడికి ఉగ్గుగిన్నెతో పట్టడం అమ్మ పని, సామాను మరగబెట్టడం మా ఆయన పని. పిండిన పాలు గది చల్లగా, 25 డిగ్రీలలోపు ఉంటే 4 గంటలు ఆగుతాయంటారు. మా ఎండలకు ఆ లెక్క కుదరదు, పిండగానే ఫ్రిజ్‌లో పెట్టి ఏ రోజువి ఆ రోజే వాడేశాం.

కోసిన ఐదో రోజు రాత్రి, రెండున్నరకు కరెంటు పోయింది. ఉక్కకు లేచి వాకిట్లో నవారు మంచం మీద కూర్చుని పట్టించాను. ఫ్యాను చప్పుడు లేదు, వీధిలో కుక్క కూడా అరవట్లేదు. మొదట గబగబా చీకాడు. పాలు చేపుకొచ్చాయి. అప్పుడు వాడి దవడ నిదానంగా, లోతుగా దిగింది, ఒక్క క్షణం ఆగింది, "క్హ్" అని చిన్న గుటక. మళ్లీ దవడ, మళ్లీ ఆగడం, మళ్లీ గుటక. చెవి దగ్గరి కణత కదులుతోంది. టక్కుమనలేదు. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పద్నాలుగు గుటకలు ఆపకుండా. కదిలితే ఎక్కడ పట్టు జారుతుందోనని దోమ కుడుతున్నా చెయ్యి తీయలేదు. తనంతట తానే వదిలేసి, పిడికిళ్లు విప్పేసి నిద్రపోయాడు. ఫోన్ వెలుగులో చూసుకున్నాను. చనుమొన గుండ్రంగా ఉంది. అమ్మను లేపి చూపించాను, సిగ్గు కూడా వేయలేదు.

మర్నాడు పొద్దున మళ్లీ జారాడు. కానీ వాడికి చేతనవుతుందని నాకు తెలిసిపోయింది. రోజుకొక మంచి పూట రెండయింది, రెండు నాలుగయ్యాయి. పంతొమ్మిదో రోజుకి 2 కిలోల 970, ఇరవై ఆరో రోజుకి 3 కిలోల 180. అంటే రోజుకి 30 గ్రాములకు అటూ ఇటూగా. పెరుగుదల చూసుకుంటూ డాక్టరు గారు ఉగ్గుగిన్నె పాలు ఒక్కో పూటా తగ్గించారు, ఒక్కసారిగా మానేయనివ్వలేదు. ముప్పై మూడో రోజుకి పూర్తిగా రొమ్ము మీదే. ఎడమ వైపు మాత్రం ఇంకా కాస్త బద్ధకం, అటు పట్టించాలంటే పక్కకి ఒరిగి పడుకోవాల్సిందే.

42వ రోజున ఆశా కార్యకర్త మళ్లీ వచ్చింది. జోలెలో వేస్తే ముల్లు 3 కిలోల 700 దగ్గర ఆగింది. త్రాసు సంచిలో పెట్టుకుంటూ, "చెరువు వీధిలో పాప పుట్టి ఎనిమిది రోజులు. తల్లికి పాలు లేవంటున్నారు" అంది.

"నాలిక కింద చూశారా?" అన్నాను.

"నువ్వూ వస్తావా?" అంది.

వాడిని అమ్మకిచ్చి చెప్పులేసుకున్నాను.